ముక్కుపురుగులపై బదనిక కందిరీగలు: ప్రయోగశాలలో ఏ జాతిని ఎంచుకోవాలి, దేనిమీద పెంచాలి

ముక్కుపురుగుల మీదో లోపలో గుడ్డు పెట్టి, పిల్లలకు వాటినే తిండిగా చేసి చంపే బదనిక కందిరీగల పెంపకం మొదలుపెట్టబోయేవారు ముందుగా అడిగే ప్రశ్న ఏ కందిరీగ మంచిదని. ఈ పనిలో కొన్నేళ్లు గడిపాక నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, అది రెండో ప్రశ్న కావాలి. మన ప్రయోగశాల ముక్కుపురుగును ఏ దశలో, ఒకే వయసులో, వారం తప్పకుండా, ఎంత సంఖ్యలో అందించగలదన్నది ముందు తేల్చుకోవాలి. కందిరీగ తన పని తాను చేసుకుపోతుంది. దానికి ఆతిథేయిని, అంటే అది గుడ్డు పెట్టడానికి వెతికే పురుగును, వేళకు సిద్ధం చేసి ఉంచడమే మన శ్రమలో ముప్పాతిక వంతు. నేను చూసిన పెంపకాలలో మధ్యలో కూలిపోయినవి చాలావరకు కందిరీగ బలహీనపడి కూలలేదు, ఆతిథేయి అందక కూలిపోయాయి.

ముక్కుపురుగు జీవితంలో ఎక్కువ భాగం కంటికి కనబడదు. గింజలోనో, మొగ్గలోనో, కాండంలోనో, వేరులోనో గుడ్డు పొదిగి, గ్రబ్‌గా (పిల్లపురుగుగా) పెరిగి, ప్యూపాగా మారి, పెద్దపురుగై బయటికి వస్తుంది. బదనికలు కూడా ఈ దశలను పంచుకున్నట్టే ఉంటాయి. కొన్ని గుడ్డునే వెతుకుతాయి, కొన్ని లోపల ఉన్న గ్రబ్‌ను తమ గుడ్లు పెట్టే సూదితో పొడిచి దాని పక్కనే గుడ్డు పెడతాయి, కొన్ని నడుస్తున్న పెద్దపురుగు శరీరంలోకే గుడ్డును దింపుతాయి. ఈ మూడు రకాలకూ కావలసిన ప్రయోగశాలలు వేర్వేరు. గింజల్లో పెరిగే పురుగుకు అరలు, సీసాలు, జల్లెడలు చాలు. ఆకుమీద బతికే పురుగుకు ఏడాది పొడవునా లేత చిగుళ్లు కావాలి. ఈ తేడాను పట్టించుకోకుండా జాతిని ఎంచుకున్నవారు మొక్కలు పెంచడంలోనే అలసిపోతారు.

నిల్వ ధాన్యపు ముక్కుపురుగులు: మూడు కందిరీగలు

మొదటిసారి ఈ పనిలోకి దిగేవారికి నిల్వ ధాన్యపు ముక్కుపురుగులే సరైన చోటు. వీటిపై పనికొచ్చే కందిరీగలలో మూడు ముఖ్యమైనవి: అనిసోటెరోమాలస్ కాలండ్రే, లారియోఫేగస్ డిస్టింగ్వెండస్, థియోకోలాక్స్ ఎలిగాన్స్. మొదటి రెండూ టెరోమాలిడే కుటుంబానివి, మూడోదాన్ని కూడా చాలాకాలం అందులోనే ఉంచి 2022లో సెరోసెఫాలిడే అనే వేరే కుటుంబంలోకి మార్చారు. మూడూ గింజలో దాగిన ఎదిగిన గ్రబ్‌నో ప్యూపానో వెతికి, పైనుంచి గింజను తొలిచి, ఆతిథేయికి విషమెక్కించి కదలకుండా చేసి, దాని శరీరం మీద ఒక్క గుడ్డు పెడతాయి. కందిరీగ పిల్ల బయటినుంచే ఆతిథేయిని పీల్చి తినేసి, ఆ గింజలోనే ప్యూపాగా మారి, చివరికి చిన్న గుండ్రని రంధ్రం కొరుక్కుని బయటికి వస్తుంది. ముక్కుపురుగు చేసే రంధ్రం పెద్దదిగా, అంచులు చిరిగినట్టు ఉంటుంది. ఒక పిడికెడు గింజలను తెల్ల కాగితంపై పరిచి ఈ రెండు రకాల రంధ్రాలను విడివిడిగా లెక్కపెడితే పెంపకం ఎలా సాగుతోందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

పోలిక ఇంత దగ్గరగా ఉన్నా ఈ మూడింటి స్వభావాలు ఒకటి కావు. అనిసోటెరోమాలస్ వెచ్చదనాన్ని ఇష్టపడుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్డు నుంచి పెద్ద కందిరీగ వరకు దాదాపు రెండు వారాల్లో చక్రం పూర్తి చేస్తుంది. ఆతిథేయి కాస్త మారినా సర్దుకుంటుంది, గుడ్లు ధారాళంగా పెడుతుంది, తప్పులను కొంతవరకు క్షమిస్తుంది. లారియోఫేగస్ చల్లని గోదాములకు తగినది. మధ్య ఐరోపాలో గోధుమ ముక్కుపురుగు సైటోఫిలస్ గ్రానేరియస్ మీద వాణిజ్యపరంగా విడుదల చేస్తున్నది దీనినే. ముక్కుపురుగు విసర్జన వాసనను పట్టుకుని ధాన్యపు రాశిలో లోతుగా వెతకగల నేర్పు దానికుంది. థియోకోలాక్స్ మూడింటిలో చిన్నది, సన్ననిది. ముక్కుపురుగుతోపాటు నుసి పురుగు కూడా ఉన్న ధాన్యంలో దీనికే ప్రాధాన్యం ఇవ్వాలి, ఎందుకంటే నుసి పురుగుపై ఇది బాగా పనిచేస్తుందని గోధుమ నిల్వలలో జరిగిన ప్రయోగాలు చూపాయి. అదే ప్రయోగాలలో తేలిన మరో సంగతి, ధాన్యాన్ని 32 డిగ్రీల దగ్గర కాకుండా 25 డిగ్రీలకు చల్లబరచి ఉంచినప్పుడు ఈ కందిరీగ పురుగును మరింత బాగా అణిచింది. చల్లదనంలో పురుగు పెరుగుదల మందగిస్తుంది కాబట్టి కందిరీగకు దాన్ని అందుకునే వ్యవధి దొరుకుతుంది.

ఈ మూడింటిలో ఒకదాన్ని మాత్రమే పెంచగలమనుకుంటే, విడుదల చేయబోయే చోటు సగటు ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు పైన ఉన్నప్పుడు అనిసోటెరోమాలస్‌నూ, అంతకు బాగా దిగువన ఉన్నప్పుడు లారియోఫేగస్‌నూ తీసుకోమంటాను. మూడింటినీ ఒకే గదిలో పెట్టాలన్న ఆలోచన మాత్రం చేయవద్దు. ఒక్క ఆడది దారితప్పి పక్క సీసాలోకి చేరినా, రెండు మూడు తరాలలో వేగంగా పెరిగే జాతే మిగులుతుంది. కంటికి మూడూ రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే నల్లని చుక్కలే కాబట్టి, సూక్ష్మదర్శిని కింద చూసేవరకు ఆ మార్పు ఎవరికీ తెలియదు.

తెచ్చుకునేటప్పుడే జాతిని నిర్ధారించుకోవడం ఎందుకు ముఖ్యమో అనిసోటెరోమాలస్ కథే చెబుతుంది. చాలాకాలం ఒకే జాతి అనుకున్న కాలండ్రేలో నిజానికి రెండు జాతులు కలిసి ఉన్నాయని తేలి, 2014లో రెండోదానికి అనిసోటెరోమాలస్ క్వినేరియస్ అని పేరు పెట్టారు. కాలండ్రే పురుషకణంలో 7 క్రోమోజోములు ఉంటే క్వినేరియస్‌లో 5 ఉంటాయి. ముఖ్యమైన తేడా ఆహారంలో ఉంది. కాలండ్రే ముక్కుపురుగులకు దగ్గరిదైతే, క్వినేరియస్ పొగాకు పురుగు, మందుల దుకాణపు పురుగు అని పిలిచే అనోబియిడ్ల వైపు మొగ్గుతుంది. పేరు చూసి తెచ్చుకున్నవారి సీసాలో రెండోది ఉంటే ముక్కుపురుగుల మీద ఫలితం రాలేదని నెలలపాటు ఉష్ణోగ్రతనూ తేమనూ అనుమానిస్తూ కూర్చుంటారు. కందిరీగ ఎక్కడి నుంచి, ఏ పురుగులోనుంచి సేకరించబడిందో రాతపూర్వకంగా ఇవ్వలేని వారి దగ్గర తీసుకోకపోవడమే మేలు.

ముక్కుపురుగులలోనూ ఈ చిక్కు ఉంది. బియ్యపు ముక్కుపురుగు సైటోఫిలస్ ఒరైజే, మొక్కజొన్న ముక్కుపురుగు సైటోఫిలస్ జియామేస్ పైకి ఒకేలా కనిపిస్తాయి, జననాంగాలను విడదీసి చూస్తేగాని ఖాయంగా చెప్పలేము. పెంపకానికి ఆతిథేయిని ఎంచుకోవడంలో నా సలహా ఇది. ఎగరలేని గోధుమ ముక్కుపురుగు నుంచి తప్పించుకుపోయే బెడద తక్కువ, పరిమాణమూ పెద్దది, కాని 25 డిగ్రీల దగ్గర అయిదు వారాల దాకా పడుతుంది. బియ్యపు ముక్కుపురుగు వెచ్చని గదిలో నాలుగు వారాల్లోనే తయారవుతుంది, కాని ఎగురుతుంది. గది తలుపుకు రెండో తలుపు లేనివారు వేగాన్ని వదులుకుని గోధుమ ముక్కుపురుగునే తీసుకోవాలి.

ఆతిథేయి వయసు

ఇక్కడ కొంచెం నిదానించి చెప్పవలసిన విషయం ఉంది, ఎందుకంటే పెంపకం నిలబడటమూ కూలటమూ దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ కందిరీగలలో ఫలదీకరణ చెందిన గుడ్డు ఆడదవుతుంది, చెందనిది మగదవుతుంది. తల్లి ఏ గుడ్డును ఎక్కడ పెట్టాలో తానే నిర్ణయించుకుంటుంది. ఆతిథేయి పెద్దదైతే ఆడ గుడ్డు, చిన్నదైతే మగ గుడ్డు పెడుతుంది, ఎందుకంటే చిన్న ఆతిథేయిలో పెరిగిన మగదానికి పెద్ద నష్టం లేదుగాని, చిన్నదైపోయిన ఆడదానికి గుడ్లు తగ్గిపోతాయి. అంతకంటే ఆశ్చర్యకరమైనది లారియోఫేగస్‌లో బయటపడింది. అది ఆతిథేయి అసలు పరిమాణాన్ని కాదు, చుట్టూ దొరుకుతున్న వాటితో పోల్చి చూసుకుంటుంది. మధ్యరకం గ్రబ్ ఒక్కటీ పెద్ద గ్రబ్‌ల మధ్య ఉంటే కొడుకునూ, అదే గ్రబ్ చిన్నవాటి మధ్య ఉంటే కూతురినీ పెడుతుంది.

మనకు ఆడవి కావాలి, ఎందుకంటే పురుగును చంపేది అవే. కాబట్టి గింజల్లోని గ్రబ్‌లు అన్నీ దాదాపు ఒకే వయసులో, పూర్తిగా ఎదిగి ఉండాలి. నేను అనుసరించే పద్ధతి చెబుతాను. గింజలను ముందు గడ్డకట్టించే పెట్టెలో మైనస్ 18 డిగ్రీల దగ్గర కనీసం వారం ఉంచి, బయటికి తీశాక తేమ 13 నుంచి 14 శాతానికి చేరేలా నిలవపెడతాను. ఆపైన పెద్దపురుగులను వాటిలో మూడు రోజులే వదిలి, జల్లెడ పట్టి తీసేస్తాను. 27, 28 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ 65 నుంచి 70 శాతం ఉండేలా, బియ్యపు ముక్కుపురుగు గింజలను 18 నుంచి 21 రోజులు కదపకుండా ఉంచితే అవి కందిరీగకు సిద్ధమవుతాయి. గోధుమ ముక్కుపురుగుకు 25 డిగ్రీల దగ్గర ఇంకొన్ని రోజులు ఎక్కువ కావాలి. కందిరీగలను ఒకటి రెండు రోజులు వదిలి, పీల్చు గొట్టంతో తీసేసి, ఆ గింజలను వేరే సీసాలో తేదీ రాసి పెట్టాలి.

ఒక తొందరపాటు తప్పు నాకు బాగా గుర్తుంది. ఒకసారి విడుదల గడువు దగ్గరపడిందని 13 రోజుల వయసున్న గింజలనే కందిరీగలకు ఇచ్చాను. రెండు వారాల తరువాత సీసాలు నిండాయి. సంతోషంగా లెక్కపెట్టడానికి కూర్చుంటే దాదాపు అన్నీ మగవే. అవి గుంపులుగా గింజల మీద తిరుగుతూ, రాబోయే ఆడవాటి కోసం రంధ్రాల దగ్గర కాచుకుని ఉన్నాయి. ఈ జాతులలో మగవి ఆడవాటికన్నా ముందే బయటికి వచ్చి అలా వేచి ఉండటం మామూలే కాబట్టి మొదటి రోజు నేను కంగారుపడలేదు. నాలుగో రోజుకు ఆడవి పిడికెడయినా రాకపోయేసరికి చేసిన తప్పు అర్థమైంది. గడువు దాటిపోయింది. అప్పటి నుంచి వయసు తక్కువ గింజలను ఎంత ఒత్తిడి ఉన్నా ఇవ్వలేదు.

కందిరీగలు మరీ ఎక్కువైనా ఇదే జరుగుతుంది. ఒక గింజలో ఒక్క కందిరీగే బతుకుతుంది, మిగిలిన గుడ్లు వృథా. గుంపు ఎక్కువైనకొద్దీ తల్లులు మగ గుడ్లవైపు మొగ్గుతాయి. ఆడదానికి రోజుకు 15, 20 ఆతిథేయులైనా దొరికేలా చూసుకుని మొదలుపెట్టి, బయటికి వచ్చే ఆడ మగ లెక్కను బట్టి సరిచేసుకోవడం మంచిది. తల్లి కందిరీగలు గుడ్లు పెట్టడానికే కాక ఆతిథేయి రసాన్ని తాగడానికి కూడా కొన్ని గింజలను పొడుస్తాయి. సూదిని దింపి, దాని చుట్టూ ఒక సన్నని గొట్టాన్ని స్రవించి, వెనక్కి తిరిగి ఆ గొట్టం చివర నోరు పెట్టి పీలుస్తాయి. ఓపికగా చూస్తే సూక్ష్మదర్శిని కింద కనిపించే అపురూపమైన దృశ్యాలలో ఇదొకటి. అలా పొడిచిన గింజ నుంచి ముక్కుపురుగూ రాదు, కందిరీగా రాదు, కాబట్టి రంధ్రాల లెక్కలో తేడా వస్తే దాన్ని నష్టంగా భావించవద్దు.

అసలు ఆతిథేయా, బదులు ఆతిథేయా

లక్ష్యపు పురుగును పెంచడం కష్టమైతే, కందిరీగ ఒప్పుకునే మరో పురుగు మీద పెంచవచ్చు. పప్పుగింజల పుచ్చుపురుగు కాలసోబ్రుకస్ మాక్యులేటస్ ఇందుకు ఎక్కువగా వాడుకలో ఉంది. ఇది అసలైన ముక్కుపురుగు కాదు, కాని అనిసోటెరోమాలస్‌కు మంచి ఆతిథేయి. మిరప మొగ్గల ముక్కుపురుగు ఆంథోనోమస్ యూజెనీ మీద పనిచేసే కాటోలాకస్ హంటెరీని కూడా దీనిమీదే పెంచుతారు. పుచ్చుపురుగు తన గుడ్డును గింజ పైభాగంలో అంటిస్తుంది, తెల్లని చుక్కలా కనబడుతుంది. ఎన్ని గింజల్లో పురుగు ఉందో చేతితో లెక్కపెట్టుకోవచ్చు. ముక్కుపురుగు అలా కాదు. గింజలో చిన్న గుంట తొలిచి, అందులో గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. సరిగ్గా లెక్క కావాలంటే ఎక్స్‌రే తీయాలి. పుచ్చుపురుగు పెద్దవాటికి తిండి కూడా అవసరం లేదు. పనివారు తక్కువగా ఉన్నచోట ఈ సౌలభ్యాలు చిన్నవి కావు.

కాని కందిరీగకు జ్ఞాపకం ఉంటుంది. లారియోఫేగస్ వాసనలను నేర్చుకుంటుందని ప్రయోగాలు రుజువు చేశాయి. పెరిగినచోటి వాసనకు అలవాటుపడిన తరాలను నేరుగా వేరే పురుగున్న గోదాములో వదిలితే వెతుకులాటలో కొంత కాలం పోవచ్చు. అందుకని బదులు ఆతిథేయి మీద ఎన్ని తరాలు పెంచినా, విడుదలకు ముందు ఒక తరాన్ని లక్ష్యపు ముక్కుపురుగు ఉన్న గింజల మీదే పెంచి పంపాలని నా గట్టి అభిప్రాయం. ఆ ఒక్క తరానికి పట్టే శ్రమ తక్కువ. అందులో ఆడవాటి సంఖ్య పడిపోతే, కందిరీగ అసలు పురుగుకు దూరమైపోతోందన్న హెచ్చరిక మనకు ముందే అందుతుంది.

బదులు ఆతిథేయి అన్ని కందిరీగలకూ పనికిరాదు. అదే మిరప ముక్కుపురుగు మీద ఉన్న మరో బదనిక ట్రయాస్పిస్ యూజెనీ ముక్కుపురుగు గుడ్డులోనే తన గుడ్డు పెట్టి, గ్రబ్ ఎదిగాక దాన్ని చంపుతుంది. దీనికి పురుగు గుడ్లు పెట్టిన మిరప మొగ్గలే కావాలి. నియంత్రణలో దీనిపై ఆశలు ఎక్కువ పెట్టుకున్నవారు ఉన్నారు, కాని సీసాలు, గింజలతో నడిచే ప్రయోగశాల దీన్ని పెంచలేదు.

కృత్రిమ ఆహారం మాటేమిటని కొందరు అడుగుతారు. పత్తి కాయ ముక్కుపురుగు ఆంథోనోమస్ గ్రాండిస్ మీద కాటోలాకస్ గ్రాండిస్‌ను పెంచడానికి అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు చాలా దూరం వెళ్లారు. కృత్రిమ ఆహారం మీద పెంచిన గ్రబ్‌లను పారాఫిల్మ్ అనే మైనపు పొరలో చిన్న గదులుగా మూసి కందిరీగలకు ఇచ్చారు. కందిరీగ ఆ పొరను మొగ్గ గోడగా భావించి పొడిచి గుడ్లు పెట్టింది. పురుగు పదార్థమే లేని ఆహారం మీద కందిరీగను పెంచే దాకా కూడా పరిశోధన సాగింది. సాంకేతికంగా అది పెద్ద విజయం. అయితే ఈ కందిరీగ అక్కడి చలికాలాన్ని తట్టుకోలేదు కాబట్టి ఏటా కొత్తగా పెంచి వదలాలి. ఆ ఖర్చుతో పోటీపడి, మందు చల్లడం, ఎరలు పెట్టడం ఆధారంగా నడిచిన నిర్మూలన కార్యక్రమమే ముందుకు సాగింది. పారాఫిల్మ్ పద్ధతి నేర్చుకోదగ్గది. ఆహారపు ముద్దలో బూజు పట్టకుండా చూసుకోగల శుభ్రమైన గది ఉన్నవారే దానికి దిగాలి.

పొలం ముక్కుపురుగులు

పొలంలో, తోటలో ఉండే ముక్కుపురుగుల విషయానికి వస్తే పెంపకం కష్టం పెరుగుతుంది, కాని విజయాలూ ఇక్కడే పెద్దవి. నీలగిరి చెట్ల ఆకులు తినే గోనిప్టెరస్ ముక్కుపురుగు మీద గుడ్డు బదనిక అనాఫిస్ నైటెన్స్‌ను 1926లో ఆస్ట్రేలియా నుంచి దక్షిణాఫ్రికాకు తెచ్చారు. ఆ తరువాత ఐరోపాలోనూ దక్షిణ అమెరికాలోనూ వదిలారు. చాలాచోట్ల అది పురుగును బాగా అణిచింది. చలి ఎక్కువగా ఉండే ఎత్తైన ప్రాంతాల్లో మాత్రం అంతగా కుదురుకోలేదు. దీన్ని పెంచడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. గోనిప్టెరస్ తన గుడ్లను ఆకుమీద నల్లని గట్టి గూడులో కొన్నింటిని కలిపి పెడుతుంది, ఆ గూళ్లను గిల్లి తెచ్చి కందిరీగలకు ఇస్తే చాలు. కాని ఆ గూళ్లు దొరకాలంటే పెద్దపురుగులు, వాటికి రోజూ లేత నీలగిరి చిగుళ్లు ఉండాలి. ఆరు నెలలు చిగుళ్లు రాని చోట ఈ పెంపకం ఆరు నెలలు ఆగిపోతుంది. ఈ పురుగు విషయంలోనూ పేరు చిక్కు ఉంది. గోనిప్టెరస్ స్కుటెల్లాటస్ అని అందరూ పిలిచినది నిజానికి చాలా జాతుల గుంపు అని 2012లో తేలింది. కందిరీగ ఒకచోట పనిచేసి మరోచోట పనిచేయకపోవడానికి కారణాలు వెతికేవారు ఈ సంగతిని మరువకూడదు.

పెద్దపురుగు బదనికల్లో మైక్రోక్టోనస్ ప్రజాతి గురించి చెప్పాలి. ఇవి నడుస్తున్న ముక్కుపురుగును వెనుకనుంచి పొడిచి లోపల గుడ్డు పెడతాయి. ఆడ ముక్కుపురుగు వెంటనే చావకపోయినా త్వరలోనే గుడ్లు పెట్టడం మానేస్తుంది, అదే అసలు లాభం. కందిరీగ పిల్ల ఎదిగాక ముక్కుపురుగును చీల్చుకుని బయటికి వచ్చి గూడు కట్టుకుంటుంది. అందుకని పంజరం అడుగున వలలాంటి గుడ్డ కడతారు. పిల్లలు దాని సందుల్లోంచి కిందకు జారి, మడతలు పెట్టిన కాగితంలో గూళ్లు కట్టుకుంటాయి, ముక్కుపురుగులు మాత్రం పైనే ఉండిపోతాయి. తెలివైన ఏర్పాటు ఇది, కాని పంజరంలో ఆహారపు మొక్కలు ఎప్పుడూ పచ్చగా ఉండాలి.

న్యూజిలాండ్ అనుభవం ఈ ప్రజాతిని ఎంచుకోబోయేవారంతా తెలుసుకోవాలి. అక్కడ పచ్చిక బయళ్లను పాడుచేసే అర్జెంటీనా కాండం ముక్కుపురుగు మీద మైక్రోక్టోనస్ హైపెరోడేను దక్షిణ అమెరికాలోని ఎనిమిది చోట్ల సేకరించి, వేర్వేరుగా పెంచి, 1991లో విడుదల చేశారు. ఈ కందిరీగలో మగవి లేవు. ఆడవే ఆడవాటిని కంటాయి. పెంపకందారుకు ఇది ఎంత హాయో చెప్పనక్కర్లేదు, ఎందుకంటే ఆడ మగ లెక్క అనే తలనొప్పే ఉండదు. మొదటి ఏళ్లలో ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. ఆ తరువాత పురుగును పట్టుకునే శాతం పడిపోతూ వచ్చింది. ముక్కుపురుగు లైంగికంగా సంతానం కంటూ మారుతూ పోతుంటే, మగవి లేని కందిరీగ దానితో సమానంగా మారలేకపోయిందని, విడుదలైన ఏడేళ్లకే ఈ నిరోధకత మొదలైందని 2017లో వెలువడిన పరిశోధన వివరించింది. ఆడవి మాత్రమే ఉన్న జాతి పెంపకానికి సులువు కాబట్టి ఎంచుకోవాలనిపించినప్పుడు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి. ఏటా విడుదల చేసే గోదాము పనికి అది అడ్డంకి కాదు, ఒకసారి వదిలి దశాబ్దాలు పనిచేయాలనుకునే పొలం పనికి మాత్రం ఆలోచించవలసిన విషయం.

అదే దేశంలో మైక్రోక్టోనస్ ఏథియోపాయిడిస్ మొరాకో రకాన్ని 1982లో సిటోనా డిస్కాయిడియస్ అనే ముక్కుపురుగు మీద వదిలారు. పని చేసింది, కాని అక్కడి స్థానిక ముక్కుపురుగులనూ, ముళ్ల కలుపును తినడానికి తెచ్చిన రైనోసిల్లస్ కోనికస్ అనే మేలు చేసే ముక్కుపురుగునూ కూడా పట్టింది. తరువాత క్లోవర్ వేరు ముక్కుపురుగు కోసం అదే జాతిలో ఐర్లాండ్ రకాన్ని 2006లో తెచ్చినప్పుడు చాలా జాగ్రత్త పడ్డారు. ఆ రకంలో ఆడవే ఉంటాయి కాబట్టి మొరాకో రకంతో కలిసి సంకరం కాదు, సంకరమైతే సామర్థ్యం తగ్గుతుందని ముందే తెలుసు. ఒకే జాతిలోని రెండు రకాల మధ్య ఎంపిక కూడా ఇంత లోతుగా ఉంటుంది. పరదేశం నుంచి ఏ కందిరీగను తెచ్చుకున్నా అంతర్జాతీయ మొక్కల రక్షణ ఒప్పందం కింద ఉన్న మూడో ప్రమాణం ప్రకారం దేశపు క్వారంటైన్ అనుమతి పొంది, ఇతర పురుగుల మీద పరీక్షించిన తరువాతే విడుదల చేయాలి. ఎవరూ దీన్ని దాటవేయకూడదు.

కొన్ని కందిరీగలను అసలు ప్రయోగశాలలో పెంచకపోవడమే సరైన ఎంపిక. లూసర్న్ అనే పశుగ్రాసపు పైరును తినే ముక్కుపురుగు మీద ఉన్న బాథిప్లెక్టిస్ జాతులు ఏడాదిలో ఎక్కువ కాలం గూటిలోనే నిద్రాణంగా గడుపుతాయి. నాలుగు వారాల చక్రానికి అలవాటుపడ్డ ప్రయోగశాల వాటి వెంట నడవలేదు. అమెరికాలో 1980ల పొడవునా ఈ బదనికలను బాగా కుదురుకున్న పొలాల నుంచి సేకరించి, లేని పొలాలకు తీసుకువెళ్లి వదిలిన పద్ధతే వీటికి తగినది.

పెంపకాన్ని దెబ్బతీసేవి

వీటిలో నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది పైమోటిస్ అనే నల్లి (మైట్). ఒక వేసవిలో నా రెండు చేతుల మీద దురదతో కూడిన ఎర్రని మచ్చలు వచ్చాయి. గింజల దుమ్ము పడలేదనుకున్నాను. మూడో రోజు గింజను చీల్చి చూస్తే గ్రబ్ శరీరం మీద గాజు పూసల్లా మెరిసే చిన్న చిన్న గుండ్లు అతుక్కుని ఉన్నాయి. అవి కడుపు ఉబ్బిన ఆడ నల్లులు. వాటి లోపలే పిల్లలు పూర్తిగా ఎదిగి బయటికి వస్తాయి. కందిరీగ పిల్లలను కూడా వదలవు. ఆ గదిలోని పెంపకమంతా గడ్డకట్టించి పారేసి, అరలను వేడినీళ్లతో కడిగి, మరో భవనంలో విడిగా ఉంచిన చిన్న నిల్వ నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఆ చిన్న నిల్వే లేకపోతే ఆ రకం నాకు శాశ్వతంగా పోయేది. ఏ జాతిని ఎంచుకున్నా, కనీసం రెండు విడివిడి గదుల్లో, వేర్వేరు జల్లెడలతో, వేర్వేరు రోజుల్లో పనిచేసేలా పెంపకాన్ని పంచండి. చిన్న గదిని ముందు చూసి, పెద్ద గదిని తరువాత చూడాలి, ఆ రోజు తిరిగి చిన్న గదిలోకి వెళ్లకూడదు.

సీసాల నుంచి కందిరీగలను ఏరడం కష్టమని కొత్తవారు భయపడతారు. నిజానికి ఇది సులువు. కందిరీగలు వెలుగువైపు వస్తాయి, ముక్కుపురుగులు చీకట్లోకి దూరతాయి. సీసా మూతికి పారదర్శకమైన గొట్టం అమర్చి దీపంవైపు తిప్పితే అవి వాటంతట అవే వేరవుతాయి. ఈ కందిరీగలు మనుషులను కుట్టవు.

ఎవరికి ఏది

ఒకరో ఇద్దరో పనిచేసే చిన్న ప్రయోగశాలకు, నిల్వ ధాన్యమే లక్ష్యమైతే, అనిసోటెరోమాలస్‌ను పుచ్చుపురుగు మీద పెంచి చివరి తరాన్ని ముక్కుపురుగు మీదకు మార్చే పద్ధతిని నేను నిస్సంకోచంగా సూచిస్తాను. చల్లని గోదాములకు లారియోఫేగస్, దాన్ని మొదటినుంచీ గోధుమ ముక్కుపురుగు మీదే. నుసి పురుగు కూడా ఉన్నచోట థియోకోలాక్స్, కాని అనిసోటెరోమాలస్ లేని గదిలో మాత్రమే. ధాన్యంలో కందిరీగలు వదలడంపై నిబంధనలు దేశానికొక తీరుగా ఉంటాయి. అమెరికాలో 1992 నుంచి నిల్వ ధాన్యంలో బదనికలకు పురుగుమందు అవశేష పరిమితి నుంచి మినహాయింపు ఉంది. మీ దేశపు నిబంధనను పెంపకం మొదలుపెట్టక ముందే చూసుకోండి.

హరితగృహం, మొక్కలు చూసుకునే మనిషి, క్వారంటైన్ గది మూడూ ఉన్నవారు మాత్రమే అనాఫిస్, మైక్రోక్టోనస్ వంటివాటిని తలపెట్టాలి. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా పొలం నుంచి సేకరించి మరో పొలంలో వదిలే పద్ధతి ఖర్చులోనూ ఫలితంలోనూ మెరుగ్గా ఉంటుంది.

కందిరీగలను తెప్పించుకునే ముందు ముక్కుపురుగును ఒంటరిగా మూడు విడతలు పెంచి చూడండి. ప్రతి విడతలోనూ ఒకే బరువు గింజలు, ఒకే సంఖ్యలో పురుగులు, ఒకే రోజులు పెట్టి, బయటికి వచ్చిన పిల్లలను లెక్క రాయండి. మూడు లెక్కలూ దగ్గరదగ్గరగా వచ్చిన తరువాతే కందిరీగలకు కబురు పెట్టండి. అవి వచ్చిన రోజునే ఇరవై ఆడవాటిని, ఇరవై మగవాటిని 95 శాతం ఆల్కహాలులో వేసి, సేకరించిన చోటు, ఆతిథేయి, తేదీ పెన్సిలుతో రాసిన చీటీని ఆ సీసాలోపలే ఉంచండి. తరువాత ప్రతి అయిదారు తరాలకూ అలాగే మరికొన్నింటిని దాచండి. ఎప్పుడైనా సీసాలో ఉన్నది మీరు తెచ్చిన కందిరీగేనా అన్న అనుమానం వస్తే, మొదటి రోజు దాచినవాటిని పక్కన పెట్టుకుని చూడవచ్చు.